వాన కొలిచే పరికరాలు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో వర్షమాపకాలు, నాలాల్లో నీటిమట్టం చూపే సెన్సర్లు చూసుకోవడం నా పని. వానాకాలం వచ్చిందంటే చుట్టాల నుంచి వాచ్‌మన్ల దాకా అందరి నోటా ఇవే మాటలు వింటుంటాను.

అపోహ: పరికరం ఒకసారి బిగిస్తే చాలు, దాని పని అదే చూసుకుంటుంది.

వాస్తవం: మేం ఎక్కువగా వాడే మాపకంలో పైన గరాటు, కింద తక్కెడలా ఊగే రెండు చిన్న గిన్నెలు ఉంటాయి. ఒకటి నిండగానే ఒరిగి నీళ్లు వదిలేస్తుంది, రెండోది దాని చోటికొస్తుంది. 20 సెంటీమీటర్ల గరాటైతే 6 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లకే ఒక ఒరుగు, అంటే 0.2 మిల్లీమీటర్ల వాన. దీన్ని ఆపడానికి నాలుగు వేపాకులు, ఒక పావురం ఈక చాలు. ఒక బడి మేడమీది మాపకం కుండపోత వెలిసి రెండు గంటలైనా ఇంకా సన్నజల్లు పడుతున్నట్టే చూపించింది. వెళ్లి చూస్తే గరాటు నిండా నీళ్లు, అడుగున మట్టి ముద్ద. జడివాన జల్లులా నమోదైంది కాబట్టి ఆ కింది బస్తీకి హెచ్చరికే వెళ్లలేదు. ఆ మేడ మెట్లు దిగిన సంగతి నేనింకా మర్చిపోలేదు. అప్పట్నుంచి జూన్‌కు ముందే ప్రతి మాపకంలో 628 మిల్లీలీటర్ల నీళ్లు నెమ్మదిగా పోసి లెక్కపెడతాను. 100 సార్లు ఒరగాలి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే సరే, 80 దగ్గర ఆగితే విప్పాల్సిందే.

అపోహ: నిన్న పడింది 6 సెంటీమీటర్లే, దానికే రోడ్లు మునగాలా?

వాస్తవం: అది ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 దాకా లెక్క. రోజంతా పడిన 6 వేరు, గంటలో పడిన 6 వేరు. చదరపు కిలోమీటరు మీద ఒక్క సెంటీమీటరు వానంటేనే కోటి లీటర్లు. నేను ముందు చూసేది 15 నిమిషాల లెక్క.

అపోహ: 1908 మూసీ వరద తర్వాత గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారుగా, ఇంకేం భయం?

వాస్తవం: 1920లో, 1927లో పూర్తయిన ఆ రెండూ ఆపేది ఎగువ నుంచి వచ్చే నీటిని. 2000 ఆగస్టు 24న బేగంపేటలో నమోదైన 24 సెంటీమీటర్లు నేరుగా ఊరి నెత్తిన పడ్డాయి.

అపోహ: నాలా సెన్సర్‌లో మట్టం పెరిగిందంటే వరద వచ్చినట్టే.

వాస్తవం: వంతెన కింద బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ ధ్వని తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. కింద థర్మోకోల్, సీసాలు పేరుకుంటే వాటినే నీళ్లనుకుంటుంది. అలాగని కొట్టిపారేయకూడదు, చాలాసార్లు నీళ్లను వీధిలోకి తోసేది ఆ చెత్తే. ఎగువన మట్టం పెరుగుతూ దిగువన తగ్గుతుంటే మధ్యలో ఎక్కడో అడ్డం పడ్డట్టే. అప్పుడు నాలా గోడమీద మేం ఎర్ర రంగుతో గీసిన గీతల్ని ఫొటో తీసి పంపమని పక్కనే ఉన్న పాలబూత్ అన్నకు ఫోన్ చేస్తాం. ఆ ఫొటో రాగానే మనుషులు బయల్దేరతారు.