ముల్కీ నుంచి జీవో 610 దాకా: జయశంకర్ సార్ పట్టు విడవని లెక్క

తెలంగాణలో స్థానికుల ఉద్యోగాల వివాదానికి వందేళ్లు దాటిన చరిత్ర ఉంది. అందులో ఆరు దశాబ్దాల పాటు, మొదట విద్యార్థిగా, తర్వాత అధ్యాపకుడిగా, చివరికి ఉద్యమానికి దారి చూపిన పెద్దగా నిలిచినవారు ఆచార్య కొత్తపల్లి జయశంకర్.

1919లో నిజాం ప్రభుత్వం సంస్థానంలో పదిహేనేళ్లు నివాసమున్నవారినే ముల్కీలుగా గుర్తించి, కొలువులు వారికే దక్కాలని నిబంధన పెట్టింది. 1948 సైనిక చర్య తర్వాత మద్రాసు రాష్ట్రం నుంచి అధికారులు, ఉద్యోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. కొలువులకు ఇంగ్లీషు చదువు తప్పనిసరి అవుతున్నకొద్దీ ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న స్థానికులు వెనకబడ్డారు. దొంగ ముల్కీ సర్టిఫికెట్లు సులువుగా దొరుకుతున్నాయన్న ఫిర్యాదులూ పెరిగాయి. ఈ అసంతృప్తి 1952లో వరంగల్‌లో ఉపాధ్యాయ నియామకాల దగ్గర బద్దలై హైదరాబాదుకు పాకింది. సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వరంగల్ జిల్లా అక్కంపేటలో 1934 ఆగస్టు 6న పుట్టిన జయశంకర్ అప్పటికి పద్దెనిమిదేళ్ల విద్యార్థి, ఆ ఆందోళనలో పాల్గొన్నవాడు.

ఆ తర్వాత వచ్చిన ప్రతి హామీ కాగితం మీద బాగానే ఉంది, అమలులోనే చిక్కంతా. తెలంగాణను వెంటనే ఆంధ్రతో కలపవద్దని, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో కోరితేనే కలపాలని రాష్ట్రాల పునర్విభజనపై వేసిన ఫజల్ అలీ కమిషన్ 1955లో సూచించింది. అయినా 1956 ఫిబ్రవరిలో, తెలంగాణకు రక్షణలు ఇస్తామంటూ రెండు ప్రాంతాల నేతల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరి, నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఒప్పందంలోని రక్షణలు అమలు కావడం లేదన్న కోపమే 1969 ఉద్యమమైంది. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972లో సుప్రీంకోర్టు చెప్పగానే, ఈసారి కోస్తా, రాయలసీమల్లో ప్రత్యేకాంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973 నాటి ఆరుసూత్రాల పథకం ముల్కీ నిబంధనలను పక్కన పెట్టగా, స్థానికులకు ఉద్యోగాల్లో వాటా కల్పించే వీలిచ్చిన 371డి అధికరణం రాజ్యాంగంలోకి, దాని కింద కొలువుల భర్తీకి కొన్ని జిల్లాలను కలిపి జోన్లుగా ఏర్పరిచిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి.

సరిగ్గా ఆ ఏడాదే జయశంకర్ వరంగల్ సీకేఎం కళాశాల ప్రిన్సిపాల్ అయ్యారు. 1979 నుంచి 81 వరకు కాకతీయ విశ్వవిద్యాలయం రిజిస్ట్రార్‌గా, తర్వాత హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల కేంద్ర సంస్థ రిజిస్ట్రార్‌గా చేసి, 1991లో కాకతీయకే వైస్ చాన్స్‌లర్‌గా తిరిగివచ్చి 1994 దాకా కొనసాగారు. అర్థశాస్త్రం చదివి, పాలనా పదవుల్లో నియామకాల దస్త్రాలను దగ్గరగా చూసిన మనిషి కాబట్టే, నీళ్లు, నిధులు, కొలువుల గురించి ఆయన మాటల్లో నినాదాల కన్నా అంకెలే ఎక్కువ. నా దృష్టిలో ఆయన అసలైన సేవ ఇదే: సభలో అయినా తరగతిలో అయినా, వినేవారు మళ్లీ ఇంకొకరికి చెప్పగలిగేంత తేలికగా లెక్కను విప్పడం. పెళ్లి చేసుకోలేదు, ఊరినీ విద్యార్థులనూ కుటుంబంగా చేసుకున్నారనడం అతిశయోక్తి కాదు.

ఆయన తరచూ ఎత్తిచూపిన ఉదాహరణ జీవో 610. రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణ జోన్లలో దాదాపు 59 వేలమంది స్థానికేతరులు నియమితులయ్యారని అధికారుల కమిటీ లెక్క తేల్చగా, వారిని 1986 మార్చి 31 లోగా సొంత జోన్లకు పంపాలని 1985 డిసెంబరు 30న ప్రభుత్వం ఈ ఉత్తర్వు ఇచ్చింది. గడువు దాటింది, ప్రభుత్వాలు మారాయి, 2001లో గిర్‌గ్లానీ కమిషన్ వేసి మళ్లీ లెక్కించాల్సి వచ్చింది. ప్రభుత్వం తానే ఒప్పుకున్న తప్పును తానే దిద్దుకోలేకపోయిందన్న వాదనకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేకపోయింది. అదే ఏడాది పుట్టిన తెలంగాణ రాష్ట్ర సమితి సభల్లో ఆ వాదన ఊరూరా వినిపించింది.

జయశంకర్ 2011 జూన్ 21న, రాష్ట్రం రావడానికి మూడేళ్ల ముందు, కన్నుమూశారు. వ్యవసాయ విశ్వవిద్యాలయానికీ భూపాలపల్లి జిల్లాకూ ఆయన పేరు పెట్టారు. కొలువుల్లో స్థానికుల వాటాను 95 శాతానికి పెంచుతూ 2018లో కొత్త రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. వాటి ప్రకారం ఉద్యోగులను కొత్త జిల్లాలకు సర్దడానికి 2021 డిసెంబరులో ఇచ్చిన జీవో 317పై మాత్రం, స్థానికతను వదిలి సీనియారిటీనే చూశారంటూ ఉపాధ్యాయులే ముందుగా రోడ్డెక్కారు.