ఒక్కటే ఏస్తే పండవు

సీతంపేట సంతలో కొండకందులు కొంటూ, "అంత ఏటవాలు నేలలో, ఎరువు లేకుండా ఎలా పండుతాయమ్మా?" అని అడిగాను. "ఒక్కటే ఏస్తే పండవు బాబూ" అంది ఆ సవర అవ్వ, మానిక నింపుతూ. పైన గుప్పెడు కొసరు కూడా వేసింది.

మందస, మెళియాపుట్టి కొండల నుంచి సీతంపేట దాకా (ఈ మండలం 2022 వరకు శ్రీకాకుళం జిల్లాలోదే) సవర, జాతాపు గిరిజనులు పోడులో, అంటే కొండమీద చెట్లు నరికి కాల్చి చేసే సాగులో, సామ, చోడి (రాగి), జొన్న, కంది కలిపి చల్లుతారు. సామ మూడు నెలలకే ఇంటికొస్తుంది. తర్వాత చోడి. కంది మాత్రం సంక్రాంతి రోజుల దాకా నిలబడే ఉంటుంది. ఏ వాన మొహం చాటేసినా ఏదో ఒకటి దక్కుతుంది.

అసలు సంగతి మట్టి కింద ఉంది. పోడు కాల్చినప్పుడు బూడిదలో పొటాష్, సున్నం మిగులుతాయి గానీ నత్రజని చాలావరకు పొగలో పోతుంది. కంది వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోంచి ఆ నత్రజనిని మళ్లీ పట్టి తెస్తుంది. ఇంకో చిక్కు భాస్వరం. ఎర్రమట్టిలో అది ఇనుముకు అంటుకుపోయి, చాలా పైర్లకు అందదు. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లాన్ని వదులుతాయి. అది ఇనుమును పట్టేసుకుంటే భాస్వరం విడివడుతుంది. హైదరాబాద్ దగ్గరి పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు దీన్ని 1990లో ప్రచురించారు. కొండమీద కంది అంతకుముందు నుంచే ఉంది.

పోడంటే అడవిని తగలెయ్యడమే అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. మొదళ్లు పెకలించకుండా నరికితే వాటి నుంచే చిగుళ్లొస్తాయి; ఇప్ప, చింత, జీలుగు చెట్ల జోలికి పోరు. నేలకు ఏళ్ల తరబడి విశ్రాంతి దొరికినంత కాలం అడవి మళ్లీ లేచేది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలైన రిజర్వు హద్దులు, పెరిగిన జనం, ఆ తర్వాత వచ్చిన జీడితోటలు ఆ విశ్రాంతిని తగ్గించేశాయి. గడువు కుదించుకుపోయిన పోడు మట్టిని తినేస్తుంది, అదీ నిజమే. జీడి నీడలో కందికి చోటుండదు.

కందికొత్తల పండగ కాకుండా కొత్త కంది ముట్టకూడదని ఇక్కడ కట్టుబాటు. విత్తనం కోసం ఆలోచించే ఈ నియమం పెట్టారని నేననను. పచ్చికాయ కోయకపోతే గింజ ముదురుతుంది, ముదిరిన గింజే మళ్లీ మొలుస్తుంది, అంతే.

డబ్బులిస్తూ, కొత్త కందులేనా అని అడిగాను.

"కొత్తలైపోయాయి బాబూ, ఇంక తినొచ్చు" అంది.