బిరడ ఎందుకు మొండికేస్తుంది?

వానాకాలం సాయంత్రం వీణ ముందు కూర్చుంటే పంచమం తీగను బిగించే బిరడ కదలనంటుంది. అదే వీణను ఏసీ హాలు వేదిక మీద పావుగంట ఉంచితే, ఆ బిరడే సర్రున జారి తీగ వేలాడిపోతుంది. రెండూ నాకు అనుభవమే. "సాధన చెయ్యట్లేదని వీణకి కోపం" అనేది మా అమ్మ. తప్పు నాది కాదు, కొయ్యది.

బిరడ ఒక చివరకు సన్నబడుతూ పోయే కొయ్య ముక్క, అంతే. వయొలిన్ బిరడ 30 మిల్లీమీటర్ల పొడవుకు 1 మిల్లీమీటరు చొప్పున సన్నబడుతుంది. లోపలికి నొక్కుతూ తిప్పితే రంధ్రంలో బిగుసుకుంటుంది. మర లేదు, మేకు లేదు, ఉన్నదంతా రాపిడి. చిక్కు కూడా అందులోనే ఉంది. తిప్పేటప్పుడు రాపిడి తక్కువ కావాలి, వదిలేశాక ఎక్కువ కావాలి.

పైగా కొయ్య గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పొడవులో దాదాపు మారదు కానీ అడ్డంగా ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. అదీ అన్నివైపులా సమానంగా కాదు. చెట్టు వలయాల వెంట వచ్చే మార్పు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు సుమారు రెట్టింపు. అందుకే గుండ్రంగా చెక్కిన బిరడ కొంతకాలానికి కాస్త కోలగా తయారవుతుంది. రంధ్రం కూడా కోల అవుతుంది, కానీ వేరే దిశలో. ఇక రెండూ ఒకదానికొకటి అక్కడక్కడే తగులుతాయి. ఒకచోట పట్టేసి మరోచోట జారిపోయేది అందుకే.

అయితే ఈ ఏర్పాటు వందల ఏళ్లు ఎలా నడిచింది? యూరప్‌లో ల్యూట్ అనే తీగవాద్యానికీ పాత వయొలిన్‌కూ పేగు తీగలు ఉండేవి. పేగు సాగుతుంది, కాబట్టి బిరడ కొంచెం ఎక్కువ తిరిగినా శ్రుతి మరీ దూరం పోదు. స్టీలు అలా సాగదు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో వయొలిన్ పై తీగ స్టీలుకు మారింది. నేను వేసుకున్న ఉజ్జాయింపు లెక్కలో, ఆ తీగను అర మిల్లీమీటరు లాగకముందే అర స్వరం పెరిగిపోతుంది. బిరడ తిప్పడంలో అది 6 డిగ్రీలు, అంటే సెకన్ల ముల్లు ఒక్కసారి కదిలేంత! తీగ మారింది, బిరడ మారలేదు. ఆ ఇబ్బందికే తీగ రెండో చివర చిన్న మర పెట్టుకున్నారు.

మనవాళ్లూ సన్నపని రెండో చివరకే అప్పగించారు. తంబూరాకు గుర్రం (తీగలను మోసే వంతెన) కింద పూసలుంటాయి. బిరడతో దగ్గరకు తెచ్చి, పూసను జరిపి శ్రుతి కలుపుతారు. ఇంత తెలివైన పరికరానికి దక్కాల్సిన పేరు దక్కలేదని నా అభిప్రాయం.

బిరడకు బదులు మరలు వాడటం నిన్న మొన్నటిదనుకుంటాం. 18వ శతాబ్దపు లండన్‌లోనే ఇంగ్లిష్ గిటార్‌కు గడియారం తాళంచెవితో తిప్పే మరలు అమర్చారు. ఈనాటి గిటార్ కీలో మర తిరిగితే పళ్లచక్రం తిరుగుతుంది, తీగ ఎంత లాగినా చక్రం మాత్రం మరను వెనక్కి తిప్పలేదు. తిప్పే పని, పట్టుకునే పని వేరైపోయాయి. ఇప్పుడు చాలా వీణలకు ఈ కీలే వేస్తున్నారు. వయొలిన్ కోసం, చూడటానికి మామూలు బిరడలా ఉండి కడుపులో చక్రాలు దాచుకున్నవి వచ్చాయి. కొన్నింట్లో పిడి 4 చుట్లు తిరిగితే తీగ చుట్టుకునే భాగం ఒక్క చుట్టు తిరుగుతుంది. జర్మనీ విట్నర్ కంపెనీవాటికి 8.5 చుట్లు కావాలి.

వీటితో నాదం పాడవుతుందంటారు కొందరు. నా చెవికి తేడా తెలియలేదు, చేతికి మాత్రం తెలిసింది: లోహపు కీలతో వీణ తల బరువెక్కింది. నన్ను ఆపేది వేరే సంగతి. ఇవి పెట్టాలంటే పాత రంధ్రాన్ని తొలవాలి. తరవాత కొయ్య ముక్క అతికి పూడ్చవచ్చు కానీ, పోయిన కొయ్య తిరిగి రాదు. అతుకుల వీణ అయితే దండి (పొడవాటి మెడ భాగం) మార్చుకోవచ్చు. బొబ్బిలి ఏకాండి వీణలో కుండ (నాదం పలికే గుండ్రటి భాగం), దండి అన్నీ ఒకే పనస దుంగ నుంచి తొలిచినవి, విడదీసి మార్చడానికి ఏమీ ఉండదు.

అందుకని రోజూ సాధన చేసే వీణకు గిటార్ కీలు వేయించాను. అమ్మమ్మ ఏకాండికి మాత్రం బిరడ జారితే సుద్ద, పట్టేస్తే కాస్త సబ్బు.