పాత అనలాగ్ సింథ్‌కి కొత్త మిడీ సీక్వెన్సర్: అపోహలు - వాస్తవాలు

పాత సింథసైజర్లు బాగుచేయడం, వాటిని ఇప్పటి సీక్వెన్సర్లతో (స్వరాల వరసను దాచుకుని వాటంతట అవే పంపే పరికరాలు) కలపడం నా పని. "పాడైపోయింది, చూడండి" అంటూ వచ్చేవాటిలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. సీక్వెన్సర్ ఒకటి పంపుతుంటుంది, సింథ్ ఇంకోటి అడుగుతుంటుంది, అంతే. సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి భాష మిడీ. దాని 1.0 ప్రమాణం వచ్చింది 1983లో. అంతకు ముందు ఏ కంపెనీకి తోచిన వైరింగ్ ఆ కంపెనీది. అందుకే కింది మాటలు ఇన్నేళ్లయినా తిరుగుతూనే ఉన్నాయి.

అపోహ: సీవీ, గేట్ జాక్‌లు ఉంటే చాలు, ఏ సీక్వెన్సర్‌తోనైనా పలుకుతుంది

సీవీ అంటే ఏ స్వరమో చెప్పే వోల్టేజ్, గేట్ అంటే నోట్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగాలో చెప్పేది. జాక్ ఒకటే కావచ్చు, అందులోకి రావాల్సిన వోల్టేజ్ వేరు. మూగ్, ఆర్ప్, రోలాండ్ ఎక్కువగా ఆక్టేవ్‌కి (సా నుంచి పై సా దాకా) 1 వోల్ట్ లెక్క పాటించాయి. అంటే ఒక్కో సెమిటోన్‌కి (ఆక్టేవ్‌లో పన్నెండో వంతు) సుమారు 83 మిల్లీవోల్టులు. కోర్గ్ ఎంఎస్-20, యమహా సీఎస్ సిరీస్‌లోని చిన్న మోనో (ఒకసారికి ఒకే స్వరం పలికే) సింథ్‌లు హెర్ట్జ్ పర్ వోల్ట్ పద్ధతివి. వాటిలో ఆక్టేవ్ పెరిగినప్పుడల్లా వోల్టేజ్ రెట్టింపు కావాలి: 1, 2, 4, 8. బుక్లాది ఇంకో దారి, ఆక్టేవ్‌కి 1.2 వోల్టులు.

ఎంఎస్-20కి మామూలు 1 వోల్ట్ లెక్క పంపితే ఏమవుతుందో వింటే మళ్లీ మర్చిపోరు. 1 వోల్ట్ నుంచి 2 వోల్టులకు వెళ్తే ఆక్టేవ్ సరిగ్గానే వస్తుంది. 2 నుంచి 3కి వెళ్తే పై సా పలకాల్సిన చోట పా పలుకుతుంది. ఆ పై సా రావాలంటే 4 వోల్టుల దాకా ఎక్కాలి. పైకి పోయేకొద్దీ స్వరాలు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుపోతాయి. దీన్ని ట్యూనింగ్ స్క్రూ తిప్పి సరిచేయాలని చూసేవాళ్లున్నారు. దయచేసి ఆ స్క్రూ జోలికి వెళ్లకండి, తర్వాత అసలు ట్యూనింగ్ కూడా పోతుంది. కోర్గ్ ఎస్‌క్యూ-1 లాంటి సీక్వెన్సర్లలో, కెంటన్ కన్వర్టర్లలో (మిడీని సీవీ, గేట్‌గా మార్చే పెట్టెలు) రెండు పద్ధతులూ ఉన్నాయి. సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

గేట్ సంగతీ అంతే. కొన్ని సింథ్‌లకు నోట్ మొదలవ్వాలంటే వోల్టేజ్ పైకి లేవాలి. మినీమూగ్, ఎంఎస్-20 లాంటివాటికి ఆ తీగ గ్రౌండ్‌కి తగలాలి, దీన్నే ఎస్-ట్రిగ్ అంటారు. తప్పు రకం ఇస్తే నోట్ వేసినప్పుడు సింథ్ మౌనం, వదిలినప్పుడు మోత. ఆర్ప్ ఒడిస్సీకి గేట్ ఒక్కటే చాలదు, ఎన్వలప్ (నోట్ ఎలా లేచి ఎలా తగ్గాలో నడిపే సర్క్యూట్) మొదలవడానికి ట్రిగ్గర్ పల్స్ కూడా విడిగా కావాలి.

అపోహ: కన్వర్టర్ పెట్టినా కీబోర్డు మీద వాయించినట్టే ఉంటుంది

నేను ఎక్కువగా వాదించేది దీని గురించే. పాత మోనో సింథ్ గుణంలో సగం దాని కీబోర్డు సర్క్యూట్‌లో ఉంటుంది. కన్వర్టర్ పెట్టామంటే ఆ సర్క్యూట్‌ని పక్కకు తప్పించినట్టే.

మినీమూగ్‌లో రెండు కీలు కలిపి నొక్కితే కింది స్వరమే పలుకుతుంది. ఒక కీ వదలకుండా ఇంకోటి నొక్కితే ఎన్వలప్ మళ్లీ మొదటి నుంచి మొదలవ్వదు. పై స్వరం పట్టుకుని కింది స్వరాన్ని తడుతూ వాయించే పాత పద్ధతి అంతా దీని మీద ఆధారపడిందే. ఇప్పటి కన్వర్టర్లు చాలావరకు చివరగా నొక్కిన నోట్‌కే ప్రాధాన్యం ఇస్తాయి. మార్చుకునే వీలుంటే కింది నోట్‌కి మార్చండి, రీట్రిగ్గర్ (ప్రతి నోట్‌కీ ఎన్వలప్ మళ్లీ మొదలవడం) ఆపేయండి. సీక్వెన్సర్‌లో కూడా స్టెప్‌లు ఒకదానిలోకి ఒకటి కలిసేలా గేట్ పొడవు పెట్టాలి. గేట్ సగంలోనే తెగిపోతుంటే లెగాటో (స్వరాలు తెగకుండా కలిసి పలకడం) ఎక్కడి నుంచి వస్తుంది?

మినీమూగ్‌లోనే ఇంకో చిక్కు. వెనక ఉన్న ఆసిలేటర్ (స్వరం పుట్టించే సర్క్యూట్) ఇన్‌పుట్ కీబోర్డు వోల్టేజ్‌ని తీసేయదు, దానికి కలుస్తుంది. చివరగా ఏ కీ నొక్కి వదిలారో ఆ స్వరం లోపల అలాగే నిలిచి ఉంటుంది, సీక్వెన్స్ మొత్తం దానికి తగ్గట్టు పైకి జరుగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందు అన్నిటికంటే కింది కీ ఒకసారి నొక్కి వదలాలి. ప్యానెల్ మీది గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) కూడా బయటి సీవీ మీద పనిచేయదు. అది కావాలంటే కన్వర్టర్‌లోనే పోర్టమెంటో ఉందేమో చూసుకోవాలి.

అపోహ: శ్రుతి తప్పుతోందంటే కన్వర్టర్ నాసిరకం

12 బిట్ల కన్వర్టర్ 10 వోల్టుల పరిధిలో వేసే ఒక్కో అడుగు సుమారు 2.4 మిల్లీవోల్టులు, అంటే దాదాపు 3 సెంట్లు (సెమిటోన్‌లో వందో వంతు ఒక సెంటు). చెవి మంచిదైతే అది తెలుస్తుంది. 16 బిట్లయితే సెంటులో ఐదో వంతు కూడా ఉండదు. అక్కడితో కన్వర్టర్ పాత్ర దాదాపు అయిపోయింది. మిగతాది వేడి. ఆసిలేటర్‌లో వోల్టేజ్‌ని స్వరంగా మార్చే ఎక్స్‌పొనెన్షియల్ కన్వర్టర్ (ఇది సింథ్ లోపలిదే, బయటి పెట్టె కాదు) ట్రాన్సిస్టర్లు ఉష్ణోగ్రతతో మారతాయి, కాబట్టి సింథ్ ఆన్ చేసి అరగంట ఆగాకే ట్యూన్ చేయాలి. స్టేజి మీద ఇది పెద్ద టెన్షనే, కానీ దగ్గరి దారి లేదు.

ఎవరూ పట్టించుకోనిది గ్రౌండ్. మిడీ ఇన్‌పుట్‌లో ఆప్టో ఐసొలేటర్ ఉంటుంది, రెండు పెట్టెల గ్రౌండ్లు కలవవు. సీవీ కేబుల్‌లో ఆ రక్షణ లేదు. ఒక సెంటు అంటే 0.83 మిల్లీవోల్టులే. రెండు పరికరాల గ్రౌండ్ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉన్నా అది నేరుగా శ్రుతిలో వినపడుతుంది, హమ్ అదనం. అన్నిటినీ ఒకే పవర్ బోర్డుకి పెట్టి చూడండి. సీక్వెన్సర్‌ని కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి కాకుండా విడి అడాప్టర్‌తో నడిపి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

అపోహ: గుండ్రటి ఐదు పిన్నుల సాకెట్ ఉంటే అది మిడీ

రోలాండ్ టీఆర్-808, టీఆర్-606 డ్రమ్ యంత్రాలు, టీబీ-303 బాస్ సింథ్ వెనక ఉన్నది డిన్ సింక్, అంటే తాళం కలిపే సాకెట్. మిడీ 4, 5 పిన్నులు వాడుతుంది. డిన్ సింక్‌లో 1వ పిన్ను స్టార్ట్-స్టాప్‌ది, 3వ పిన్ను క్లాక్‌ది, మామూలు 5 వోల్టుల పల్స్. రెండూ క్వార్టర్ నోట్‌కి 24 టిక్కులే ఇస్తాయి, అయినా ఒకదాని భాష ఇంకోదానికి అర్థం కాదు. మధ్యలో కన్వర్టర్ ఉండాల్సిందే. కోర్గ్ పాత యంత్రాలది 48 లెక్క, తప్పుగా పెడితే సగం వేగంతో నడుస్తాయి.

అపోహ: మిడీ నెమ్మది, పాత సింథ్ బిగువు పోతుంది

సెకనుకు 31,250 బిట్ల వేగంలో మూడు బైట్ల నోట్ సందేశం 1 మిల్లీసెకను లోపే చేరుతుంది. స్పీకర్‌కి ఒక అడుగు (సుమారు 30 సెం.మీ.) వెనక్కి జరిగినా దాదాపు అంతే ఆలస్యం. ఒకే కేబుల్ మీద ఎనిమిది ట్రాకులు, ఆపైన ధారగా కంట్రోల్ సందేశాలు తోస్తే మాత్రం వరసలో ఆగక తప్పదు. సింథ్‌కో పోర్ట్ ఇస్తే సరి. నిజంగా తాళం తప్పించేది చాలాసార్లు కంప్యూటరే. క్లాక్ విడి హార్డ్‌వేర్ సీక్వెన్సర్ నుంచి పంపి చూస్తే తేడా తెలుస్తుంది.

అపోహ: సీసీ పంపితే అన్ని నాబ్‌లూ తిరుగుతాయి

సీసీ అంటే నాబ్ విలువ చెప్పే మిడీ సందేశం. పంపినా అన్నీ తిరగవు. సింథ్ వెనక ఫిల్టర్‌కి ఇన్‌పుట్ ఉంటే ఫిల్టర్ కదులుతుంది. మినీమూగ్ రెజొనెన్స్‌కి (ఫిల్టర్ అంచున ధ్వనిని పదును చేసే నాబ్) అలాంటి దారే లేదు. ఉన్నచోట కూడా మామూలు సీసీలో 128 మెట్లే. 10 వోల్టులకు సాగదీస్తే ఒక్కో మెట్టు సుమారు 79 మిల్లీవోల్టులు, అంటే దాదాపు సెమిటోన్. రెజొనెన్స్ పెంచి ఫిల్టర్‌ని నెమ్మదిగా తెరిస్తే ఆ మెట్లు స్పష్టంగా వినిపిస్తాయి. 14 బిట్ల పిచ్ బెండ్‌ని ఆ పనికి వాడండి, లేదా మధ్యలో స్లూ లిమిటర్ (వోల్టేజ్ మార్పుని నునుపు చేసేది) పెట్టండి.

అపోహ: పాలీ సింథ్ అయితే విప్పి మిడీ కిట్ వేయించాల్సిందే

పాలీ సింథ్ అంటే ఒకేసారి చాలా స్వరాలు పలికేది. జూనో-60లో డీసీబీ అనే రోలాండ్ సొంత పోర్ట్ ఉంది, దాన్ని మిడీకి మార్చే పెట్టెలు దొరుకుతాయి. పెట్టె విప్పే పని లేదు. కావాల్సింది ఆర్పెజియో (కార్డ్ స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి పలకడం) తాళంలో నడవడమే అయితే అదీ అక్కర్లేదు. వెనక ఆర్పెజియో క్లాక్ ఇన్ ఉంటుంది. సీక్వెన్సర్ గేట్ అవుట్‌ని అందులో పెడితే పల్స్‌కో అడుగు చొప్పున కదులుతుంది, కార్డ్ చేత్తో పట్టుకోండి. ఎస్‌హెచ్-101 క్లాక్ ఇన్ కూడా ఇలాంటిదే.

అయినా కిట్ వేయించుకోవాలనుకుంటే, పెట్టెకి కొత్త రంధ్రం వేయకుండా బిగించేదే ఎంచుకోండి. తీసిన పాత చిప్పుల్ని, కనెక్టర్లని కవర్లో వేసి సింథ్‌తోనే ఇమ్మని టెక్నీషియన్‌కి ముందే చెప్పండి. తర్వాత అమ్మేటప్పుడు కొనేవాళ్లు మొదట అడిగేది వాటినే.