99 ఏళ్ల కౌలు కుదరని రోజు

దక్షిణ అట్లాంటిక్‌లో బ్రిటన్ చేతిలో ఉండి, అర్జెంటీనా తనవనే ఫాక్‌లాండ్స్ దీవుల పేరు మళ్లీ వినబడుతోంది. ఈసారి నిప్పు రాజుకుంది వేరే సముద్రంలో. హిందూ మహాసముద్రంలోని చాగోస్ దీవులను మారిషస్‌కు ఇచ్చేస్తామని బ్రిటన్ 2024 అక్టోబరులో ప్రకటించగానే, మాల్వినాస్‌ను కూడా వెనక్కి తెచ్చుకుంటామని అప్పటి అర్జెంటీనా విదేశాంగ మంత్రి డయానా మోండినో అన్నారు. మాల్వినాస్ అంటే ఫాక్‌లాండ్సే, అర్జెంటీనా వాళ్లు పిలిచే పేరు. 2025 మే 22న సంతకాలైన చాగోస్ ఒప్పందం ప్రకారం దీవులు మారిషస్‌వి, డీగో గార్సియా సైనిక స్థావరం మాత్రం 99 ఏళ్లు బ్రిటన్‌కు లీజు. ఈ లీజు మాట ఫాక్‌లాండ్స్ వాళ్లు ఇదివరకే విన్నారు, 1980లో.

1833లో ఎవరు ఎవర్ని వెళ్లగొట్టారు, అంతకుముందు స్పెయిన్ జెండా ఎన్నేళ్లు ఎగిరింది, ఆ పురాణంలోకి ఇప్పుడు పోవడం లేదు. గ్రూప్స్‌కి చదివే పిల్లలకు అదంతా నోటికొచ్చు. మన నల్లగొండ, పాలమూరు లెక్కలో చెప్పాలంటే, పట్టాదారు కాలమ్‌లో పేరు నాదే, స్పెయిన్ నుంచి విరాసత్‌గా వచ్చిందని అర్జెంటీనా అంటుంది. 1833 నుంచీ కాస్తులో ఉన్నది మేము అని బ్రిటన్ అంటుంది. మనకు కొత్త తగాదా ఏమీ కాదు. విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, ఉమ్మడి నల్లగొండ జిల్లా కన్నా కాస్త చిన్న. అంత నేల మీద 1982 నాటికి ఉన్న జనం 1,800 మంది. మన దగ్గర ఒక్క ఊళ్లోనే అంతకన్నా ఎక్కువ మంది ఉంటారు.

ఆ 1,800 మంది గురించి ముందు చెప్పాలి. అప్పట్లో దీవుల భూమిలో సగానికి దగ్గరగా ఒక్క కంపెనీదే, ఫాక్‌లాండ్ ఐలాండ్స్ కంపెనీది. చాలామంది దాని గొర్రెలు కాసేవాళ్లు, దాని ఇళ్లలోనే ఉండేవాళ్లు. అర్జెంటీనా తీరం 500 కిలోమీటర్ల లోపే, లండన్ 12 వేల కిలోమీటర్లకు పైనే. 1965లో ఐక్యరాజ్యసమితి 2065వ తీర్మానం చేసి, రెండు దేశాలూ కూర్చుని మాట్లాడుకోవాలని, దీవుల ప్రజల ప్రయోజనాలను దృష్టిలో పెట్టుకోవాలని చెప్పింది. ‘ప్రయోజనాలు’ అంది, ‘ఇష్టం’ అనలేదు. అర్జెంటీనా ఇప్పటికీ పట్టుకు వేలాడేది ఈ మాటనే. మీకేది మంచిదో మేం చూసుకుంటాం, మీకేం కావాలో చెప్పక్కర్లేదు అనే మాట ఎలా ఉంటుందో ప్రాజెక్టుల కింద ఊళ్లు మునిగినవాళ్లను అడిగితే తెలుస్తుంది.

అయినా 1971 తర్వాత కొన్నేళ్లు రెండు పక్షాలూ కలిసిమెలిసే ఉన్నాయి. ఆ ఏడు కుదిరిన ఒప్పందంతో అర్జెంటీనా వైమానిక దళం నడిపే ఎల్ఏడీఈ విమానాలు దీవుల రాజధాని స్టాన్లీకి రావడం మొదలైంది. జబ్బు చేస్తే దీవుల వాళ్లు అర్జెంటీనాలోని కొమొదొరో రివదావియా ఊరి ఆసుపత్రికి వెళ్లేవాళ్లు. పిల్లలు అక్కడి బడుల్లో చదివారు. పెట్రోలు కూడా అక్కడి ప్రభుత్వ కంపెనీ వైపీఎఫ్‌దే. ఇలాగే ఇంకో ఇరవై ఏళ్లు సాగితే ఏమయ్యేదో! కానీ 1976లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరెస్‌లో సైనిక పాలన వచ్చింది. తన సొంత పౌరులనే వేల సంఖ్యలో మాయం చేసిన ప్రభుత్వం కిందికి ఎవరు పోతారు?

అసలు మలుపు 1980లో వచ్చింది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వంలో విదేశాంగ శాఖ సహాయ మంత్రి నికొలస్ రిడ్లీ ఒక మధ్యేమార్గం తెచ్చాడు. సార్వభౌమాధికారం అర్జెంటీనాకు రాసిచ్చి, దీవులను బ్రిటన్ మళ్లీ లీజుకు తీసుకోవాలి, అక్కడి జీవితం ఉన్నది ఉన్నట్టు సాగాలి. అంటే పట్టా వాళ్లది, కౌలు మనది. 99 ఏళ్ల లెక్క కూడా మాటల్లోకి వచ్చింది. అయితే దీవుల వాళ్లను అడగకముందే ఆయన స్విట్జర్లాండ్‌లో అర్జెంటీనా ప్రతినిధితో గుట్టుగా మాట్లాడి వచ్చాడు. నవంబరులో స్టాన్లీ వెళ్లి ప్రతిపాదన చెబితే జనం మండిపడ్డారు. డిసెంబరు 2న లండన్ పార్లమెంటులో సొంత పార్టీ వాళ్లు, లేబర్ వాళ్లు కలిసి ఆయన్ని ఉతికేశారు. ఆ రోజుతో ప్రతిపాదన మూలపడ్డట్టే.

వద్దనడం దీవుల వాళ్ల హక్కు. నా అభ్యంతరమల్లా లండన్ ఆ తర్వాత చేసినదాని మీదే. ఇవ్వనన్నప్పుడు కాపలా పెట్టాలి కదా. 1977లో కాలహాన్ ప్రభుత్వం అనుమానం రాగానే ఒక సబ్‌మెరైన్‌ను, రెండు ఫ్రిగేట్లను ఆ వైపు పంపింది. థాచర్ ప్రభుత్వం 1981లో ఖర్చు తగ్గించుకోవడానికి, ఆ సముద్రంలో తిరిగే ఏకైక గస్తీ నౌక ఎండ్యూరెన్స్‌ను తీసేస్తామని ప్రకటించింది. విదేశాంగ మంత్రి కారింగ్టన్ వద్దన్నా రక్షణ మంత్రి జాన్ నాట్ వినలేదు. అదే ఏడాది వచ్చిన జాతీయతా చట్టం దీవుల్లో చాలామందికి పూర్తి బ్రిటిష్ పౌరసత్వం లేకుండా చేసింది. అవతలివాడు దీన్ని ఎలా చదువుకుంటాడు? 2023 నవంబరు 30న తెలంగాణ అంతా పోలింగ్ టెన్షన్‌లో ఉండగా నాగార్జునసాగర్ డ్యాం మీద సగం గేట్ల దగ్గర ఆంధ్రా పోలీసుల ముళ్లకంచె పడింది. ఇటువైపు కన్ను పక్కకు పోయిందని తెలిస్తే గట్టు ఎంత తేలిగ్గా జరుగుతుందో సాగర్ దగ్గరివాళ్లకు వేరే చెప్పాలా? బ్రిటన్ అయితే కన్ను మూసుకుంటున్నట్టు ముందే చాటింపు వేసింది.

1982 మార్చి 19న, అదే సముద్రంలో బ్రిటన్‌కే ఉన్న ఇంకో దీవి సౌత్ జార్జియాలో పాత తిమింగలాల ఫ్యాక్టరీ ఇనుప సామాను విప్పుకోవడానికి వచ్చిన అర్జెంటీనా కూలీలు జెండా ఎగరేశారు. 30న బ్యూనస్ ఎయిరెస్‌లో జీతాలు, ధరల మీద జనం వీధుల్లోకి వస్తే పోలీసులు కొట్టారు. ఏప్రిల్ 2న అర్జెంటీనా సైనిక పాలకుడు గల్టియెరి సైన్యం స్టాన్లీలో దిగింది. బ్యూనస్ ఎయిరెస్‌లో మొన్న దెబ్బలు తిన్న చోటే జనం ఆయనకు జేజేలు కొట్టారు.

యుద్ధం సంగతి చాలామందికి తెలుసు. 74 రోజులు. జనరల్ బెల్‌గ్రానో ఒక్క నౌకతోనే 323 మంది పోయారు. మొత్తం 649 మంది అర్జెంటీనా వాళ్లు, 255 మంది బ్రిటిష్ వాళ్లు, ముగ్గురు దీవుల ఆడవాళ్లు. ఆ ముగ్గురూ బ్రిటిష్ గుండుకే పోయారు. బ్రిటన్ దళానికి ముందు నడిచిన విమానవాహక నౌక హెర్మీస్ తర్వాత మన నేవీలో విరాట్‌గా 2017 దాకా పనిచేసింది. ఇరవై వేల మందికి పైగా సైనికులు ఆ దీవుల కోసం తలపడ్డారు, పద్దెనిమిది నెలల కింద ఒక మంత్రిని ఎగతాళి చేసి పంపించిన సమస్య మీద. దండయాత్రకు బ్రిటన్ ప్రభుత్వాన్ని తప్పుపట్టలేమని, దీని మీద విచారణ చేసిన ఫ్రాంక్స్ కమిటీ 1983లో తేల్చింది. దాని నివేదికలోని వివరాలు చదివినవాళ్లకు మాత్రం అలా అనిపించదు.

ఆ తర్వాత లండన్‌కు అన్నీ గుర్తొచ్చాయి. 1983లో పౌరసత్వం ఇచ్చింది, మౌంట్ ప్లెజంట్‌లో పెద్ద స్థావరం కట్టింది. కంపెనీ భూములు మెల్లగా దీవుల వాళ్ల చేతికొచ్చాయి. 1987 నుంచి చేపల వేట లైసెన్సులతో డబ్బూ వచ్చింది. 2013 ఓటింగులో 1,513 మంది బ్రిటన్‌తోనే ఉంటామన్నారు, ముగ్గురు కాదన్నారు. చాగోస్‌తో పోల్చేవాళ్లు చూడాల్సింది ఇక్కడే. చాగోస్ జనాన్ని 1973 కల్లా బ్రిటనే ఖాళీ చేయించింది, కాబట్టి వద్దని ఓటేయడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు.

అర్జెంటీనా 1994 రాజ్యాంగంలో దీవులు తమవేనని, అక్కడివాళ్ల జీవన విధానాన్ని గౌరవిస్తామని రాసుకుంది. దీవుల వాళ్లే తమను కోరుకునే రోజు రావాలని 2025 ఏప్రిల్ 2న అధ్యక్షుడు మిలే అన్నారు. స్టాన్లీలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే ఇప్పుడు విమానం చిలీకో ఉరుగ్వేకో పోతుంది.