పాత వీటెక్‌లు, లాన్సర్లు: అనంతపురం రోడ్డు మీద ఈ పలకరింపులు ఎక్కడివి?

బెంగళూరు - హైదరాబాద్ రోడ్డు మీద, గుత్తి వైపో పెనుకొండ వైపో, ఒక పాత హోండా సిటీ ఇంకో పాత సిటీని దాటుతూ రెండుసార్లు లైట్ కొడుతుంది. ముందు ఏ హోటల్ దగ్గరో రెండూ ఆగాయంటే అరగంట పోయినట్టే. చూసేవాళ్లకు కుర్రాళ్ల షోకులా అనిపిస్తుంది కానీ, అసలు సంగతి స్పేర్ పార్టులది.

జపాన్ స్పీడు కార్ల మీద మోజు మనవాళ్లకు టీవీల్లో, వీడియో గేముల్లో అంటుకుంది. 1989 నుంచి 2004 దాకా అక్కడి కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకుని ఏ కారుకూ 280 హార్స్‌పవర్‌కు మించి కాగితం మీద చూపలేదు. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ లాంటివి నిజానికి అంతకంటే ఎక్కువే ఇచ్చేవి. యొకొహామాలో ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న డైకొకు పార్కింగ్‌లో రాత్రిళ్లు అలాంటి కార్లు చేరతాయి, గుంపు పెరిగితే పోలీసులు వచ్చి మూయిస్తారు. ఆ కార్లేవీ మన దాకా రాలేదు. మూడేళ్లు దాటిన సెకండ్‌హ్యాండ్ కారు దిగుమతికి మన రూల్స్ ఒప్పుకోవు. 2016లో జీటీ-ఆర్ అధికారికంగా వచ్చినా ధర దాదాపు 2 కోట్లు.

మనకు దక్కినవి వేరే. 1993లో కార్ల తయారీకి లైసెన్సుల గొడవ పోయాక, 1998లో హోండా సిటీ, మిత్సుబిషి లాన్సర్ దిగాయి. అప్పట్లో టామీ మాకినెన్ లాన్సర్ ఎవల్యూషన్‌తో 1996 నుంచి 1999 దాకా వరుసగా నాలుగుసార్లు ప్రపంచ ర్యాలీ చాంపియన్. హిందుస్థాన్ మోటార్స్ తిరువళ్లూరులో చేసిన మన లాన్సర్‌కు ముఖం పోలిక తప్ప ఆ ఇంజన్ లేదు. అయినా అభిమానులకు అది చాలు.

2000లో వచ్చిన సిటీ వీటెక్ మాత్రం ఉత్తి పోలిక కాదు. 1.5 లీటర్ ఇంజన్, 106 హార్స్‌పవర్. వీటెక్ అంటే ఇదే: ఇంజన్ తిరిగే వేగం (ఆర్‌పీఎం) పెరిగాక ఇంజన్ ఆయిల్ ఒత్తిడితో లోపల ఒక పిన్ను జరిగి, వాల్వులు ఇంకాస్త ఎక్కువ తెరుచుకుంటాయి. శబ్దం మారిపోతుంది, కారు ముందుకు లాగుతుంది. ఆయిల్ తగ్గితే ఈ సరదా ఉండదు. అందుకే బానెట్ ఎత్తగానే ముందు ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగి, బనియన్ గుడ్డతో తుడిచి చూస్తారు. "ఆయిల్ ఏమన్నా తాగుతాందా అన్నా?" అన్నది మొదటి మాట, "డిస్ట్రిబ్యూటర్ క్యాప్ యాడ దొరికింది?" అన్నది రెండోది (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం మీది మూత అది). చాలాసార్లు జవాబు పార్టుల దుకాణాలున్న బెంగళూరు జేసీ రోడ్డే. లేదా, ఫలానా ఊళ్లో ఒక బండి మూలన పడుంది, వాళ్లను అడుగు అని ఒక ఫోన్ నంబరు.

2003లో కొత్త సిటీ 77 హార్స్‌పవర్‌తో వచ్చింది. మైలేజీ చూసుకునే జనానికి అది నచ్చింది, కంపెనీని తప్పుపట్టలేం. కానీ పాత వీటెక్ అక్కడితో ఆగిపోయింది, ఉన్నవాటి విలువ పెరిగింది. మిత్సుబిషి కార్ల అమ్మకాలు కూడా తర్వాత ఆగిపోయాయి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లు తిరగరాదన్నాక అక్కడివి కొన్ని వేరే రాష్ట్రానికి మార్చుకునే అనుమతి పత్రం (ఎన్‌ఓసీ)తో దక్షిణాదికి వచ్చాయి. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కొత్త కార్లు వదులుతుంటే, దాని ముందునుంచే ఇరవై ఏళ్ల కారు వెతుక్కుంటూ పోయేవాళ్లున్నారు. ఆ ఏడాదే కొత్త బండ్ల నంబరు ప్లేటుకు రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వచ్చింది. ఏపీ 02 అనంతపురం, ఏపీ 04 కడప, ఏపీ 21 కర్నూలు అని నంబరు చూసి మనవాడేనని గుర్తుపట్టే వీలు పాత బండ్లకే మిగిలింది.

ఇక చిక్కులు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చితే కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన చట్టంలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. రాత్రిపూట ఊళ్లో సైలెన్సర్ మోగించేవాళ్లకు ఇది పడాల్సిందే, నాకేం జాలి లేదు. పరుగు చూపించాలంటే కోయంబత్తూరులో కరి రేస్ ట్రాక్ ఉంది. అయితే బండిని ఉన్నదున్నట్టు కాపాడుకునేవాళ్లకూ ఖర్చు తప్పడం లేదు. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025లో, 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. అంత కట్టలేక అమ్మేవాళ్లు ముందు ఫోన్ చేసేది పాత కార్ల బ్రోకర్‌కు కాదు, ఇంకో సిటీ ఉన్నవాడికి. బండి నడవకపోయినా పార్టులకైనా తీసుకుంటాడని.