రక్తం తిరుపతిది, ల్యాబు శామీర్‌పేటది

టీటీడీ ఆసుపత్రి స్విమ్స్‌కు (శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థకు) జాతీయ హోదా కావాలా వద్దా అన్న వాదన తిరుపతిలో మళ్లీ రాజుకుంది. 2024 చివర్లో టీటీడీ పాలకమండలి ఈ హోదా కోరుతూ తీర్మానం చేసిన దగ్గర నుంచి ఇది ఆరినట్టే ఆరి మళ్లీ అంటుకుంటోంది. హోదా వస్తే ఎయిమ్స్ స్థాయి వైద్యం అందుతుందని ఒకరంటారు. శ్రీవారి ఆసుపత్రిని ఢిల్లీ చేతిలో పెట్టడమేమిటని ఇంకొకరంటారు. ఈ రెండు గొంతుల మధ్య మూడోది ఒకటుంది. బిడ్డను ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివించి, ఉద్యోగం కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో పంపిన తల్లిదండ్రుల గొంతు అది. హోదా వస్తే మా పాపకు ఇక్కడే పని దొరుకుతుందా అని వాళ్లు అడుగుతున్నారు. నా మటుకు నాకు అసలు ప్రశ్న అదే. దానికి జవాబు వెతకాలంటే 1995కూ 1999కీ మధ్య ఏం జరిగిందో చూడాలి.

1986లో ఎన్టీ రామారావు శంకుస్థాపన చేయడం, 1993లో ఆసుపత్రి తలుపులు తెరుచుకోవడం ఊళ్లో అందరికీ తెలిసిన కథే. వాటి జోలికి పోను. 1995లో శాసనసభ చట్టం చేసి స్విమ్స్‌ను విశ్వవిద్యాలయం చేసింది. అంటే సొంతంగా డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. వైద్యం, చదువు రెండూ ఒకే గేటు లోపల చేరాయి. అప్పటికి తిరుపతి దగ్గర ఏమేం ఉన్నాయో ఒకసారి లెక్కేసుకోండి. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ (ఎస్వీయూ), 1955 నాటి పశువైద్య కళాశాల, 1960 నాటి ఎస్వీ మెడికల్ కాలేజీ, 1983 నాటి పద్మావతి మహిళా వర్సిటీ. రుయా ఆసుపత్రి గేటు దగ్గర నిలబడితే మెడికల్ కాలేజీ, స్విమ్స్ నడిచిపోయేంత దూరం. మిగిలినవన్నీ షేర్ ఆటో దూరం. మనిషి, పశువు, మొక్క, ఈ మూడింటి శాస్త్రమూ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు మన రాష్ట్రంలో ఎన్నున్నాయి? పైగా వెనక శేషాచలం అడవి, ఎర్రచందనం.

ఇన్ని ఉన్నా ఒకటి మాత్రం లేదు. వర్సిటీలో చేరని మనిషి, కంపెనీ పెట్టాలనుకున్న మనిషి, నెలకింత అద్దె కట్టి ఒక ల్యాబు బల్ల తీసుకునే చోటు లేదు. 1995 చట్టం వచ్చినప్పుడు ఈ ముచ్చట ఎవరికీ తట్టినట్టు లేదు.

అదే కాలంలో హైదరాబాదులో ఏం జరుగుతోందో చూస్తే తేడా తెలుస్తుంది. 1993లో మొదలైన శాంతా బయోటెక్నిక్స్‌కు మొదట్లో సొంత ల్యాబు లేదు. ఉస్మానియాలో పని మొదలుపెట్టి, తర్వాత కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీసీఎంబీలో చోటు తీసుకుని, 1997లో దేశంలోనే తొలి రీకాంబినెంట్ (జన్యువులను కలిపి చేసే) హెపటైటిస్-బి టీకాను బయటికి తెచ్చింది. అప్పటిదాకా వందల రూపాయలు పెట్టి కొన్న విదేశీ టీకా ధర ఆ దెబ్బకు దిగొచ్చింది. ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థ బయటివాళ్లకు నాలుగు బల్లలు ఇచ్చినందువల్ల ఒక పరిశ్రమ పుట్టింది. ఆ పాఠం రాష్ట్ర ప్రభుత్వానికి బాగానే ఒంటబట్టింది. 1999లో శామీర్‌పేట దగ్గర తుర్కపల్లిలో 200 ఎకరాలిచ్చి ఐసీఐసీఐ నాలెడ్జ్ పార్కు పెట్టించింది. కరెంటు, గ్యాసు, నీళ్లు, వ్యర్థాల శుద్ధి అన్నీ అమర్చిన ల్యాబులను అద్దెకిచ్చే పార్కు అది. దాని చుట్టూ పెరిగిన బయోటెక్ కంపెనీల సముదాయమే జీనోమ్ వ్యాలీ.

అప్పుడు ఉమ్మడి రాష్ట్రం. తిరుపతి డబ్బూ, తిరుపతి చదువూ ఆ రాష్ట్రానివే. కానీ బయోటెక్ పేరు మీద వచ్చిన ప్రతి ఎకరమూ, ప్రతి రాయితీ ఒకే దిక్కుకు పోయాయి. మన పిల్లలు కూడా వాటి వెంటే పోయారు. చిత్తూరులో బయల్దేరి తిరుపతి మీదుగా కాచిగూడ వెళ్లే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లారేసరికి ఉద్యోగం ఉన్న ఊళ్లో దిగడం ఈ ప్రాంతపు చదువుకు రివాజైపోయింది.

పెద్దవాళ్ల కథ కూడా ఇదే. భారత్ బయోటెక్ పెట్టిన కృష్ణ ఎల్లాది తిరుత్తణి దగ్గరి నేమిలి. తిరుత్తణి 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోదే, సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి పోయింది. అమెరికా నుంచి వచ్చి 1996లో ఆయన కంపెనీ పెట్టింది హైదరాబాదులో. అపోలో ఆసుపత్రుల ప్రతాప్ సి. రెడ్డిది చిత్తూరు దగ్గరి అరగొండ. 1983లో ఆయన తొలి ఆసుపత్రి కట్టింది మద్రాసులో. ఎవరినీ తప్పుపట్టలేం. వసతి ఉన్నచోటికే ఎవరైనా పోతారు.

ల్యాబు బల్ల గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, బయట నుంచి చూసేవాళ్లకు అది చిన్న విషయంగా కనిపిస్తుంది. కిడ్నీ జబ్బును ముందే పసిగట్టే పరీక్ష కిట్ ఒకటి తయారు చేద్దామని ఒక అమ్మాయికి ఆలోచన వచ్చిందనుకోండి. రోగులు కావాలి, స్విమ్స్ నెఫ్రాలజీ ఓపీలో ఉన్నారు. నమూనాలు తీసుకోవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, కమిటీ ఉంది. సలహా చెప్పే డాక్టరున్నారు. ఆ తర్వాత బయోసేఫ్టీ క్యాబినెట్, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరు, ఒక్క నిమిషం కూడా పోని కరెంటు కావాలి. రెండు మూడేళ్లు అక్కడే కూర్చుని తప్పులు చేసే వీలుండాలి. కిట్ కుదిరాక 2017 నాటి వైద్య పరికరాల నిబంధనల ప్రకారం లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ మధ్య ఉన్నదంతా అద్దె ల్యాబులో జరిగే పని. అది లేకపోతే రోగి ఇక్కడ ఉంటాడు, కంపెనీ ఇంకెక్కడో ఉంటుంది.

ఈ మధ్య ఒక సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని థర్మోకోల్ పెట్టె పట్టుకుని ట్రావెల్స్ బస్సు కోసం నిలబడి ఉంది. పెట్టె చుట్టూ గోధుమరంగు టేపు మూడు చుట్లు, పైన స్కెచ్ పెన్నుతో బాణం గుర్తు. లోపల జెల్ ప్యాకుల మధ్య పన్నెండు చిన్న ట్యూబులు, రోగుల రక్తం నుంచి తీసిన డీఎన్ఏ. బస్సు రాగానే క్లీనరును బతిమాలింది. "అన్నా, ఇంజన్ పక్కన పెట్టబాకన్నా, లోపల ఐసుంది." "సరేమ్మా, సీటు కిందే పెడతాలే" అని అతను లోపలికి జరిపాడు. హైదరాబాదులో ఒక ప్రైవేటు ల్యాబు వాటిని చదివి ఫలితాన్ని మెయిల్‌లో పంపుతుంది. బిల్లు కూడా అందులోనే వస్తుంది. బస్సు కపిలతీర్థం వైపు తిరిగేదాకా ఆ అమ్మాయి అక్కడే నిలబడి చూసింది.

ఇప్పుడు హోదా సంగతి. హోదా అనగానే అందరూ ఎయిమ్స్ పేరెత్తుతున్నారు. నేను తిరువనంతపురం వైపు చూడమంటాను. అక్కడ 1973లో ట్రావెన్‌కోర్ రాజకుటుంబం జనం కోసం ఒక పెద్ద భవనాన్ని ఇచ్చింది. కేరళ ప్రభుత్వం దాన్ని ఆసుపత్రిగా తీర్చిదిద్దింది. అదే శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ. దాని తొలి డైరెక్టరు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ గుండె శస్త్రచికిత్స నిపుణుడు. విదేశీ కవాటాలు కొనలేని రోగులను చూసి చూసి, మనమే చేసుకోకూడదా అనుకున్నాడు. రాజకుటుంబమే ఇచ్చిన పూజప్పుర ప్యాలెస్‌లో ఇంజనీర్లతో ఒక టెక్నాలజీ విభాగం నడిపించాడు. 1980లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. ఆరోగ్య శాఖ కింద కాకుండా సైన్సు, టెక్నాలజీ శాఖ కింద పెట్టింది.

ఆ ఒక్క నిర్ణయం ఏం చేసిందో చూడండి. అక్కడ తయారైన రక్తపు సంచి పరిజ్ఞానంతో తిరువనంతపురంలోనే పెన్‌పోల్ కంపెనీ లేచింది. గాజు సీసాల్లో రక్తం పట్టే రోజులు పోయి ప్లాస్టిక్ సంచులొచ్చాయి. జపాన్ కంపెనీ టెరుమో తర్వాత వచ్చి చేతులు కలిపింది. చిత్ర గుండె కవాటాన్ని 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు, తయారీ టీటీకే కంపెనీ చేపట్టింది. ఆ ఫ్యాక్టరీ కూడా ఆ ఊళ్లోదే. రోగి, డాక్టరు, ఇంజనీరు, ఫ్యాక్టరీ కార్మికుడు ఒకే బస్సులో ఎక్కి దిగే దూరంలో ఉన్నారు.

స్విమ్స్‌కూ అలాంటి అవకాశమే 1995లో ఉండింది. దేవుడి పేరు మీద వచ్చిన భూమి, భవనం, డబ్బు ఉన్నాయి. పక్కనే ఎస్వీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. చట్టంలో టెక్నాలజీ విభాగం అని ఒక అధ్యాయం రాసి ఉంటే ఈ రోజు వాదన వేరేలా ఉండేది.

2014లో రాష్ట్రం విడిపోయింది. శామీర్‌పేట ఒక్క రాత్రిలో పక్క రాష్ట్రమైంది. విభజన చట్టం పదమూడో షెడ్యూలు ప్రకారం 2015లో ఐఐటీ, సైన్సు చదువుల కేంద్ర సంస్థ ఐసర్ రెండూ తిరుపతికొచ్చాయి. అద్దె భవనాల్లో మొదలై ఏర్పేడు వైపు సొంత ప్రాంగణాలకు మారాయి. మంచి సంస్థలే, ఐసర్‌లో జీవశాస్త్రం చక్కగా నడుస్తోంది. కానీ ఏర్పేడు క్యాంపస్‌కూ అలిపిరి రోడ్డు ఓపీకీ మధ్య దూరం కిలోమీటర్లలోనే లేదు. వైద్య పరికరాల తయారీకి రాష్ట్రం ఎంచుకున్నది విశాఖను. మెడ్‌టెక్ జోన్ 270 ఎకరాల్లో 2018 డిసెంబరులో అక్కడ ప్రారంభమైంది. రేణిగుంట, వికృతమాల వైపు సెల్‌ఫోన్లు, టీవీ తెరల ఫ్యాక్టరీలొచ్చాయి. ఎందరో ఆడపిల్లలకు అవి అన్నం పెడుతున్నాయి, కాదనను. బయోటెక్ వంతుకు వచ్చేసరికి మిగిలింది మహిళా వర్సిటీలో కేంద్ర బయోటెక్ సంస్థ బైరాక్ సాయంతో పెట్టిన ఇంక్యుబేషన్ కేంద్రం. ఆడవాళ్లు సొంతంగా బయోటెక్ కంపెనీ మొదలుపెట్టేందుకు పెట్టిన ఆ చోటుకు రావలసినంత పేరు రాలేదు. అక్కడ రెండు మూడు ఏళ్లు గడిపి బయటికొచ్చిన కంపెనీ తర్వాత ఎక్కడికి పోవాలన్నది మాత్రం తేలలేదు.

మనకు చేతకాదేమో అనుకునేవాళ్లకు 2020ని గుర్తుచేస్తాను. కొవిడ్ తొలిరోజుల్లో రాష్ట్రంలో పరీక్ష చేయగలిగిన ల్యాబుల్లో స్విమ్స్ వైరస్ ల్యాబుది ముందు వరుస. ఆ మార్చిలో నెల్లూరులో బయటపడ్డ రాష్ట్రపు తొలి కేసు నమూనా వచ్చింది ఇక్కడికే. ఆ కొన్ని వారాలు ఐసు పెట్టెలు తిరుపతి నుంచి పోలేదు, తిరుపతికి వచ్చాయి.

హోదా వద్దనేవాళ్ల మాటా చెప్పాలి. హుండీలో పడే రూపాయి పేద రోగి మంచానికి పోవాలి గానీ కంపెనీల ల్యాబులకు పోకూడదని వాళ్లంటారు. ఇది తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదు. 2023లో టీటీడీ బడ్జెట్‌లో ఒక శాతం తిరుపతి అభివృద్ధికి ఇవ్వాలని అప్పటి బోర్డు తలపెడితే ఎంత గొడవైందో, అప్పటి ప్రభుత్వమే ఎలా తిరస్కరించిందో చూశాం. కేంద్రం చేతికి వెళ్తే ఉచిత వైద్యం, స్థానికుల సీట్లు ఏమవుతాయన్న భయం కూడా ఉంది. ఆ రెండింటికీ చట్టంలోనే రక్షణ రాయించుకోవాలి. అయితే అదే టీటీడీ అలిపిరి దగ్గర 25 ఎకరాలిస్తే టాటాల ట్రస్టు క్యాన్సర్ ఆసుపత్రి కట్టింది, 2022 మే నెలలో అది మొదలైంది. దాని పేరులోనే అడ్వాన్స్‌డ్ రీసెర్చ్ అని ఉంది. పరిశోధనకు భూమి ఇవ్వడం అపచారమని అప్పుడెవరూ అనలేదు.

చిత్తూరువాళ్ల బాధ వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయాక ఐఐటీ, ఐసర్, స్విమ్స్, శ్రీసిటీ పారిశ్రామికవాడ అన్నీ తిరుపతి వైపు పోయాయి. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ చేతుల మీదుగా అరగొండలో టెలిమెడిసిన్ (దూరం నుంచే వైద్య సలహా) మొదలైన జిల్లా ఇది. గుడిపాల మండలంలో వేలూరు సీఎంసీ క్యాంపస్ ఉంది, అపోలో మెడికల్ కాలేజీ ఉంది. వీటన్నిటికంటే నాకు మామిడి ముఖ్యమనిపిస్తుంది. 2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, ఫ్యాక్టరీ కిలోకు ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 రూపాయలు కలిపితే తప్ప రైతు గట్టెక్కని స్థితి వచ్చింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి, వెనక తొక్కలూ టెంకలూ కుప్పలు పడి పుల్లటి వాసన కొట్టాయి. ఆ తొక్కలో జామ్‌ను గట్టిపరిచే పెక్టిన్ ఉంది. ఆ టెంక జీడిలో చాక్లెట్ల తయారీలో కోకో వెన్నకు బదులు వాడే కొవ్వుంది. వాటిని తీసే పద్ధతిని చిన్న ఎత్తున పరీక్షించుకోవడానికి కూడా ఒక అద్దె ల్యాబే కావాలి. దాన్ని చిత్తూరులో పెట్టమని అడగడం అన్యాయమేమీ కాదు.

కాబట్టి ఢిల్లీకి పోయే ఫైలు ఏ శాఖ తలుపు తడుతుందన్నది అన్నిటికంటే ముఖ్యం. ఆరోగ్య శాఖ దగ్గరికి పోతే, మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది కదా అన్న మాట ఎదురవడం ఖాయం. ఒకవేళ ఒప్పుకున్నా వచ్చేవి మంచాలూ సీట్లే. సైన్సు, టెక్నాలజీ శాఖ దగ్గరికి శ్రీచిత్ర చట్టాన్ని ముందు పెట్టుకుని పోతే అడగాల్సినవి వేరు. బయటివాళ్లకు అద్దెకిచ్చే ల్యాబులు, రోగుల నమూనాలను భద్రపరిచే బయోబ్యాంకు, ఐసర్, పశువైద్య వర్సిటీ శాస్త్రవేత్తలు స్విమ్స్ డాక్టర్లతో కలిసి పేటెంటు తీసుకునే నియమం. ఇవి తీర్మానం మూడో పేరాలో కాదు, మొదటి పేరాలో ఉండాలి.

లీలామహల్ దగ్గర కనిపించిన అమ్మాయికి వారం తర్వాత ఫోన్ చేశాను. పన్నెండు ట్యూబుల్లో మూడు పనికిరాలేదని మెయిల్ వచ్చిందట, దారిలో ఐసు కరిగిపోయింది. ఆ ముగ్గురు రోగుల్లో ఒకరు కోడూరు నుంచి వచ్చి పోయిన పెద్దాయన. రక్తం మళ్లీ ఇవ్వమని ఆయన్ను ఎలా అడగాలో తెలియక రెండు రోజులుగా నంబరు పెట్టుకుని కూర్చుంది.